ఊరి పేరు చెప్పే రాళ్లు: కారై, అరియలూరు శిలాజాల అన్వేషణ



నేటి ప్రసంగ విషయం శిలాజాల అన్వేషణ. సెలవు నాడు పిల్లలను వెంటబెట్టుకొని ఒక రాతినేల మీద నడుస్తూ, కోట్ల సంవత్సరాల కిందటి జీవుల ఆనవాళ్లను వెతకడం అనేక దేశాల్లో సామాన్యులకు సైతం అలవాటైన వ్యాసంగం. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అటువంటి నేల దూరంలో లేదు. చెన్నై నుంచి తిరుచ్చి వెళ్లే కార్డు లైను రైళ్లు విళుపురం దాటిన తరువాత అరియలూరు మీదుగా పోతాయి. ఆ ఊరి పరిసరాల్లోనూ, పక్కనున్న పెరంబలూరు జిల్లాలోనూ పొలం గట్ల మీద, వాగుల ఒడ్డున సముద్రపు గుల్లలు రాళ్లుగా మారి పడి ఉంటాయి. నేటి సముద్రం అక్కడికి తూర్పున దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఈ రాళ్లు ఎక్కడివి, వాటిని ఎట్లా చూడాలి, ఏది తీసుకోవచ్చు, ఏది తీసుకోరాదు అనే సంగతులే ఇక్కడ ముఖ్యం.

శిలాజాలు అనగానే పిల్లల పుస్తకాల్లో మొదట కనబడే బొమ్మలు రెండు: ట్రైలోబైట్, క్రినాయిడ్. ట్రైలోబైట్ అనే మాటకు మూడు తమ్మెలు గలది అని అర్థం. దాని వీపు నిలువునా మూడు భాగాలుగా కనబడుతుంది. రొయ్యలు, పీతలు, తేళ్లు చేరిన కీళ్లకాళ్ల జీవుల వర్గంలోనిది. సుమారు 52 కోట్ల సంవత్సరాల కిందట సముద్రాల్లో తొలిసారి కనిపించి, 25.2 కోట్ల సంవత్సరాల కిందట సమూలంగా అంతరించింది. శాస్త్రజ్ఞులు ఇప్పటికి 20,000కు పైగా జాతులను గుర్తించారు. ఆపద ఎదురైతే రోకలిబండ పురుగు వలె చుట్ట చుట్టుకొనేవి కొన్ని. పీత మాదిరిగానే పెరిగే కొద్దీ పాత పెంకును విడిచేది గనుక, ఈనాడు దొరికే ట్రైలోబైట్ శిలాజాల్లో చాలా భాగం విడిచిన పెంకులే.

క్రినాయిడ్‌ను సముద్రపు లిల్లీ అంటారు. పేరుకు పువ్వే గాని అది జంతువు. నక్షత్రచేపకు దగ్గరి చుట్టం. సముద్రపు అడుగున నాటుకొని నిలిచే పొడవాటి కాడ, ఆ కాడ చివర చిన్న గిన్నె, గిన్నె చుట్టూ ఆహారాన్ని పట్టుకొనే చేతులు దాని రూపం. కాడ అంతా చిన్న చిన్న బిళ్లలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటుంది. జీవి చనిపోయిన తరువాత బిళ్లలు విడిపోయి బురదలో చెల్లాచెదరవుతాయి. నడిమి రంధ్రంతో అవి అచ్చంగా పూసల్లా ఉంటాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని అయిదు కోణాల చుక్కల్లా ఉంటాయి. ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు తీరంలో జనం వాటిని ఏరి సెయింట్ కత్‌బర్ట్ పూసలు అని పిలుచుకొన్నారు. ట్రైలోబైట్ వలె ఈ వర్గం అంతరించిపోలేదు. నేటి సముద్రాల్లో దాదాపు 600 జాతులు జీవించి ఉన్నాయి.

అరియలూరు వెళ్తే ట్రైలోబైట్ దొరుకుతుందా అని పిల్లలు అడగడం సహజం. దొరకదు. అక్కడి శిలలు సుమారు 11 కోట్ల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల కిందటివి. వాటిని పరచిన సముద్రం పుట్టే నాటికే ట్రైలోబైట్లు అంతరించి పది కోట్ల సంవత్సరాలు దాటింది. భారతదేశంలో ట్రైలోబైట్లను చూడాలంటే హిమాలయాలకు పోవాలి. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి ప్రాంతంలో, పరాహియో లోయ శిలల్లో అవి ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన హెన్రీ హేడెన్ అక్కడ సేకరించిన శిలాజాలను కౌపర్ రీడ్ 1910లో వర్ణించి ప్రకటించాడు. శిలాజాన్వేషణలో ఇది మొదటి పాఠం. ఏ రాతిలో ఏది ఉండగలదో ఆ రాతి వయస్సు నిర్ణయిస్తుంది. వయస్సు తెలియకుండా వెతకడం, తిథి తెలియకుండా పండుగ చేయడం వంటిది.

ఈ పాఠానికి తెలుగువారి ఇళ్లలోనే ఒక ఉదాహరణ ఉన్నది. చెన్నై, బెంగళూరు, ముంబై నగరాల్లో వంటింటి గట్లకూ, అలమరల అరలకూ, మెట్లకూ కడప బండలు వేస్తారు. షాబాదు బండలు మరొక రకం. ఈ రెండూ సముద్రంలో పేరుకొన్న సున్నపురాళ్లే. అయినా భూతద్దం పెట్టి ఎంత వెతికినా వాటిలో ఒక్క గుల్ల అయినా కనబడదు. అవి గుల్లగల జంతువులు భూమి మీద పుట్టక ముందే ఏర్పడినవి. అంతకంటె పాతదైన కడప శిలాపీఠంలో వేంపల్లె సున్నపురాయిలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుమ్మటాలు మాత్రం ఉన్నాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. ఇంటి గచ్చులో జీవం ఆనవాలు లేకపోవడం కూడా భూమి చరిత్రలో ఒక సమాచారమే.

ఇక అరియలూరు సముద్రం సంగతి. దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న గోండ్వానా భూభాగం చీలిపోయి, భారతదేశం అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి వేరుపడిన కాలంలో తూర్పు తీరపు అంచు కుంగి లోతట్టులు ఏర్పడ్డాయి. కావేరి పరీవాహకంలోని లోతట్టులోకి సముద్రం అనేక పర్యాయాలు వచ్చి, వెనుకకు పోయింది. వచ్చినప్పుడల్లా బంకమన్ను, ఇసుక, సున్నపు బురద పరచింది. ఆ పొరలను భూవిజ్ఞానులు మూడు ప్రధాన సమూహాలుగా విభజించారు. అడుగున ఊట్టత్తూరు సమూహం, నడుమ తిరుచ్చిరాపల్లి సమూహం, పైన అరియలూరు సమూహం. వాటి మీద నిన్నియూరు పేరు గల మరికొన్ని పొరలున్నాయి. అవి రాక్షసబల్లులు అంతరించిన తరువాతి కాలానివి. పడమట నుంచి తూర్పుకు నడిస్తే, పాత పొరల నుంచి కొత్త పొరలకు కాలంలో ముందుకు నడిచినట్లే.

పెరంబలూరు జిల్లాలోని కారై గ్రామం దగ్గర ఊట్టత్తూరు సమూహపు బంకమన్ను నేల వాన నీటికి కోసుకుపోయి వందల కొద్దీ చిన్న వంకలుగా, మొరడి దిబ్బలుగా మారింది. అక్కడ పైరు గాని, చెట్టు గాని అంతగా లేదు. ఎండ పడితే నేలంతా గాజు పెంకులు పరచినట్లు మెరుస్తుంది. అవి గాజు పెంకులు కావు, జిప్సం పలకలు. గోరుతో గీస్తే గీత పడుతుంది, గాజు మీద పడదు. ఈ నేల మీద శిలాజాలను తవ్వనవసరం లేదు. ఈశాన్య ఋతుపవనాల వాన ప్రతి సంవత్సరం మన్నును కడిగి, లోపలి వాటిని పైకి తెస్తుంది. అందువల్ల వానలు వెలిసిన జనవరి, ఫిబ్రవరి మాసాలే చూడడానికి అనుకూలం. వేసవి ఎండలో ఆ నేల మీద నీడ దొరకదు.

అక్కడ ఎక్కువగా కనబడేది బెలెమ్నైట్. తుపాకి తూటా ఆకారంలో, తేనె రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. నేటి స్క్విడ్‌కు పూర్వబంధువైన జీవి శరీరం లోపల ఉండిన గట్టి భాగం అది. తరువాతిది అమ్మోనైట్. పొట్టేలు కొమ్ములా చుట్టలు చుట్టుకొన్న గుల్ల. చూడగానే నత్త అనిపిస్తుంది గాని నత్త కాదు. నత్తగుల్ల లోపల అంతా ఒకే గది. అమ్మోనైట్ లోపల అడ్డగోడలతో వేరు చేసిన గదులు ఉంటాయి. ఆ అడ్డగోడలు పైపెంకును తాకిన చోట చిగురాకు అంచు వంటి మెలికల గీతలు ఏర్పడతాయి. పెంకు ఊడిన అమ్మోనైట్ మీద ఆ గీతలు స్పష్టంగా కనబడతాయి. ఆ గీతల అల్లికను బట్టే జాతులను వేరుపరుస్తారు.

అమ్మోనైట్ తెలుగువారికి కొత్తది కాదు. నేపాల్‌లోని కాళీ గండకీ నదిలో లభించి, పూజా మందిరాల్లో తరతరాలుగా అర్చన పొందుతున్న సాలగ్రామాల్లో చాలా వాటి లోపలి చక్రం అమ్మోనైటే. హిమాలయాలు లేచిన చోట ఒకప్పుడు ఉండిన సముద్రపు జీవి అది. కారైలో దొరికే వాటికంటె అవి ఇంకా పాతవి. భక్తుడు చక్రాన్ని చూసిన చోట శాస్త్రజ్ఞుడు గదులను లెక్కించాడు. ఇద్దరూ ఆ రాయిని చేత్తో తిప్పి, శ్రద్ధగా చూసినవారే.

అరియలూరు పట్టణానికి దగ్గరలోని కల్లంకురిచ్చి సున్నపురాయి వేరొక రీతిది. మందపాటి ఆల్చిప్పలు గుట్టలు గుట్టలుగా అతుక్కొని ఉంటాయి. కొన్ని చోట్ల రాయి కంటె గుల్లలే ఎక్కువ. గరుడమంగళం దగ్గరి గుల్లరాయి నునుపు పడితే అందంగా మెరుస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో దానిని త్రిచినాపల్లి మార్బుల్ అనే పేరుతో అలంకార వస్తువులకు వాడారు.

ఈ నేలను శాస్త్రలోకానికి పరిచయం చేసినవారి కథ తెలుసుకోదగినది. 1840 దశకపు తొలి సంవత్సరాల్లో మదరాసు సివిల్ సర్వీసుకు చెందిన కే, అతని మిత్రుడు కన్లిఫ్ పుదుచ్చేరి, వృద్ధాచలం, తిరుచ్చిరాపల్లి ప్రాంతాల్లో శిలాజాలు ఏరి లండన్‌కు పంపారు. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో వాటిని వర్ణించి ప్రకటించాడు. తరువాత భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఆ ప్రాంతమంతా తిరిగి పటం గీచి, 1862లో నివేదిక ప్రచురించాడు. ఊట్టత్తూరు, తిరుచ్చిరాపల్లి, అరియలూరు అనే మూడు సమూహాల పేర్లు అతడు పెట్టినవే. అదే సంవత్సరం ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే మొరావియా దేశపు యువకుడు కలకత్తాలో ఉద్యోగంలో చేరాడు. ఈ శిలాజాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, చిత్రాలతో సహా వర్ణించే మహాగ్రంథాన్ని 1873 నాటికి ముగించాడు. మరుసటి సంవత్సరమే మధ్య ఆసియా యాత్ర నుంచి తిరిగివస్తూ లడఖ్‌లో, 36 ఏళ్ల వయస్సులో మరణించాడు.

శిలాజాలకు పెట్టిన పేర్లలో ఆ పల్లెలు నిలిచిపోయాయి. ఒక అమ్మోనైట్ జాతికి స్టోలిచ్కా అరియలూరెన్సిస్ అని పేరుపెట్టాడు. వరగూరు పేర వరగూరెన్సె అనే జాతి వెలసింది. కరప్పాడి అనే పల్లె పేర కరపాడైటిస్ అనే ప్రజాతి ఉన్నది. తిరుచ్చిరాపల్లి ప్రాంతాన్ని ఎన్నడూ చూడని శాస్త్రజ్ఞులు దూరదేశాల్లో తమ తీరాన దొరికిన అమ్మోనైట్‌ను ఈ పల్లెల పేర్లతో పోల్చి చూస్తారు. వలస వచ్చి రెండు వందల ఏళ్లయినా తెలుగు కుటుంబం ఇంటిపేరును విడువదు. ఆ ఇంటిపేరులో చాలా సార్లు ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. అయినా వెనుకకు వెళ్లే దారి ఆ పేరులో మిగిలి ఉంటుంది.

శిలాజానికి కూడా ఇంటిపేరు అటువంటిదే. అది దొరికిన ఊరు, దొరికిన పొర, దొరికిన తేదీ రాసిపెట్టినంత కాలం ఆ రాయి మాట్లాడుతుంది. దాని పక్కన ఏ గుల్లలున్నాయి, సముద్రం లోతెంత, కాలమేది అనే ప్రశ్నలకు సమాధానం చెప్పగలదు. చీటీ పోయిన మరుక్షణం అది బల్ల మీది అందమైన వస్తువు మాత్రమే. ఎంత పెద్ద పండితుడైనా దానిని చూసి జాతి పేరు చెప్పగలడు గాని, అది ఏ వంకలో, ఏ పొరలో ఉండినదో చెప్పలేడు. స్టోలిచ్కా వర్ణించిన నమూనాలు కోల్‌కతాలో సర్వేక్షణ సంస్థ అధీనంలో నేటికీ పరిశోధకులకు పనికివస్తున్నాయంటే, ప్రతిదానికీ ఊరి పేరు జతచేసి ఉండడమే అందుకు ముఖ్య కారణం.

కావున శిలాజాలు వెతకబోయే కుటుంబం సంచిలో పెట్టుకోవలసిన ముఖ్య సాధనం సుత్తి కాదు, పెన్సిలూ నోటుపుస్తకమూ. పాత వార్తాపత్రికలు, చిన్న గుడ్డ సంచులు, ఒక భూతద్దం, మెత్తని పాత పళ్ల బ్రష్షు, కొలబద్ద చాలు. చూడగానే తీయకూడదు. ముందు ఉన్నచోటనే, పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. ఫోనులో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వస్తాయి, అవి రాసుకోవాలి. రాయి కింది మన్ను రంగు, పొర మందం, పక్కన కనబడిన ఇతర గుల్లలు రెండు మాటల్లో రాయాలి. తరువాత రాయిని పత్రికలో చుట్టి, చీటీని అదే పొట్లంలో పెట్టాలి. ఇంటికి వచ్చాక రాసుకొందామనుకొంటే, పది రాళ్లలో ఏది ఏ వంకలోనిదో కలగాపులగమవుతుంది.

వెతికే పద్ధతి కూడా చెప్పుకోదగినది. పొద్దెక్కక ముందు, పొద్దు వాలే ముందు ఎండ ఏటవాలుగా పడుతుంది. ఆ వెలుగులో గుల్లల మీది గాళ్లు, చారలు నీడలు వేసి బయటపడతాయి. నిలబడి చూసేవారికి దొరకనివి కూర్చుని చూసేవారికి దొరుకుతాయి. మామూలు రాళ్ల నడుమ కన్ను పట్టుకోవలసినది క్రమం. సమాన దూరంలో ఉన్న గీతలు, ఒకే కేంద్రం చుట్టూ తిరిగే వలయం, రెండు వైపులా ఒకే తీరు, అయిదు కోణాల చుక్క, ఇటువంటివి జీవి ఆనవాళ్లు కావచ్చు. కాడబిళ్లల వంటి చిన్నవాటిని వెతకాలంటే వంక అడుగున వాన కడిగి కుప్పవేసిన సన్న రాళ్లలో చూడాలి. పిల్లల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి, వారికి ఓపిక కూడా ఎక్కువ. చాలా కుటుంబాల్లో తొలి అమ్మోనైట్ పిల్లల చేతికే దొరకడంలో వింత లేదు.

క్రమం ఉన్నదల్లా జీవి కాదనే జాగ్రత్త కూడా అవసరం. 2020 అక్టోబరులో పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర ఒక చెరువులో గుండ్రటి పెద్ద రాళ్లు బయటపడ్డాయి. రాక్షసబల్లి గుడ్లు దొరికాయన్న వార్త ఫోన్లలో ఊరూరా తిరిగింది. భూవిజ్ఞానులు వెళ్లి చూసి, అవి గుడ్లు కావని, అమ్మోనైట్ వంటి వాటి చుట్టూ మన్ను గట్టిపడి ఏర్పడిన ఉండలని తేల్చారు. ఆ రాళ్లు చెరువులో ఉన్నచోటనే ఉండడం వల్ల నిపుణులు నిజం తేల్చగలిగారు. ఎవరైనా వాటిని ఇళ్లకు మోసుకొనిపోయి ఉంటే గుడ్ల కథ మాత్రమే మిగిలేది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కల్లమేడు. అరియలూరు జిల్లాలోని ఆ చోట దొరికిన అతిపెద్ద ఎముకలను 1987లో యాదగిరి, అయ్యస్వామి అనే శాస్త్రజ్ఞులు వర్ణించి, ఆ జీవికి బృహత్కాయసారస్ అని పేరుపెట్టారు. వారు కొలిచిన కాలి ఎముక ఒక్కటే 2 మీటర్ల పొడవు. భూమి మీద నడిచిన అతిపెద్ద జంతువుల్లో అది ఒకటై ఉండవచ్చునని నేటి పరిశోధకుల్లో కొందరి అభిప్రాయం. కాని ఆ మాట రూఢి చేయడానికి ఎముకలు లేవు. అసలే పెళుసుబారిన ఆ ఎముకలు వానకు, తేమకు పొడి అయిపోయాయి. మిగిలినవి వర్ణన, గీసిన బొమ్మలు, కొన్ని ఛాయాచిత్రాలు మాత్రమే. కాపాడుకోవడంలో ఆలస్యమైతే జరిగే నష్టానికి ఇంతకంటె పెద్ద నిదర్శనం ఈ జిల్లాలో లేదు. వానే శిలాజాన్ని బయటపెడుతుంది, ఆ వానే దానిని కరిగిస్తుంది. ఆ రెంటి నడుమ దొరికే సమయం కొన్ని ఋతువులే.

నష్టం వాన వల్ల మాత్రమే కాదు. సున్నపురాయి సిమెంటుకు ముడిపదార్థం. కల్లక్కుడి దగ్గర డాల్మియాపురంలో 1939లోనే సిమెంటు కర్మాగారం నెలకొన్నది. తరువాత అరియలూరు చుట్టూ అనేక కర్మాగారాలు వచ్చాయి. వేల కుటుంబాలకు అవి అన్నం పెడుతున్నాయి. తమిళనాడు నగరాల్లో తెలుగువారు కట్టుకొన్న ఇళ్ల గోడల్లో కూడా ఆ సిమెంటు ఉండవచ్చు, అంటే ఆ ప్రాచీన ఆల్చిప్పల సున్నం ఉండవచ్చు. గనులు శిలాజాలకు శత్రువులు మాత్రమే అనడం న్యాయం కాదు. నిలువుగా కోసిన గని గోడ మీద పొరల వరుస ఎంత స్పష్టంగా కనబడుతుందో బయటి నేల మీద అంతగా కనబడదు. భూవిజ్ఞానులు చదివిన పొరల్లో చాలా భాగం గని గోడల మీదివే. కాని కోసిన రాయి మర నోటికి పోయే లోపల ఎవరో ఒకరు చూసి రాసుకోకపోతే, ఆ పుట శాశ్వతంగా పోయినట్లే.

గనినీ, శిలాజాలనూ, ఊరినీ ఒకచోట నిలబెట్టుకొన్న పట్టణానికి ఇంగ్లండులోని డడ్లీ మంచి ఉదాహరణ. ఆ ఊరి పక్కనున్న రెన్స్ నెస్ట్ అనే సున్నపురాతి కొండను ఇనుప కొలుముల కోసం తరాల తరబడి తవ్వారు. తవ్విన కొద్దీ 42 కోట్ల సంవత్సరాలకు పైబడిన ట్రైలోబైట్లు, క్రినాయిడ్లు బయటపడ్డాయి. గని కూలీలు ఒక ట్రైలోబైట్‌కు డడ్లీ పురుగు అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. తవ్వకాలు నిలిచిన తరువాత, 1956లో ఆ కొండ జాతీయ ప్రకృతి రక్షిత స్థలమైంది. భూవిజ్ఞాన ప్రాముఖ్యం కోసమే అక్కడ అటువంటి హోదా పొందిన మొదటి స్థలం అది. నేడు దాని బాగోగులు చూసేది స్థానిక పురపాలక మండలి. కొండకు సుత్తి తగిలించరాదు, రాలిపడిన రాళ్లలో వెతుక్కోవచ్చు అన్నది అక్కడి నియమం. చుట్టూ ఇళ్లున్న ఊరి నడుమ ఒక రాతి కొండ అట్లా బతికి ఉన్నది.

తమిళనాట కూడా పాటించవలసిన నియమాలు కొన్ని స్పష్టంగా ఉన్నాయి. విళుపురం జిల్లా తిరువక్కరైలోని శిలాదారు ఉద్యానం, పెరంబలూరు జిల్లా సాత్తనూరులో నేల మీద పడి ఉన్న దాదాపు 18 మీటర్ల రాతిచెట్టు జాతీయ భూవిజ్ఞాన స్మారకాలు. అక్కడ చూడవలసిందే గాని, చిన్న పలుకైనా తీయరాదు. పట్టా భూమిలో అడుగుపెట్టే ముందు రైతు అనుమతి అడగాలి. పంట ఉంటే గట్టు మీదనే ఆగాలి. పనిలో ఉన్న గనిలోకి అనుమతి లేకుండా పోరాదు, పేలుళ్లు జరుగుతుంటాయి. విడిచిపెట్టిన గని గుంటల్లో నీరు లోతుగా నిలిచి ఉంటుంది, ఒడ్డు జారుతుంది. పిల్లలను ఆ దరికి పోనీయరాదు. ఈ స్థలాల పరిరక్షణకు ప్రత్యేక చట్టం తెచ్చే ఉద్దేశంతో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2022లో బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి వెలువరించింది.

ఏది తీసుకోవచ్చు అన్న ప్రశ్నకు వివేకమే జవాబు. నేల మీద విడిగా పడి ఉన్నవి, వందల కొద్దీ కనబడేవి, విరిగిన బెలెమ్నైట్ ముక్క, ఒక ఆల్చిప్ప, ఇటువంటివి అనుమతి ఉన్న చోట ఒకటి రెండు తీసుకొంటే పిల్లవానికి జీవితకాలపు జ్ఞాపకం అవుతుంది. సంచులు నింపుకోవడం తగదు, అమ్ముకోవడం అంతకంటె తగదు. ఎముక వంటిది, పన్ను వంటిది, గుడ్డు అనిపించేది, పూర్తిగా ఉన్న పెద్ద అమ్మోనైట్, ఎన్నడూ చూడనిది కనబడితే ముట్టుకోకూడదు. ఫోటో తీసి, చోటు రాసుకొని, జిల్లా యంత్రాంగానికి గాని, అరియలూరు జిల్లా వారణవాసిలోని శిలాజ ప్రదర్శనశాలకు గాని, దగ్గరి కళాశాల భూవిజ్ఞాన శాఖకు గాని తెలియజేయాలి. వెతకడానికి పోయే ముందే ఆ ప్రదర్శనశాలను చూడడం ఇంకా మంచిది. ఏది ఏమిటో కన్నుకు అలవడుతుంది.

తిరుచ్చి, పెరంబలూరు పరిసరాల పల్లెల్లో తరతరాలుగా ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. నగరం నుంచి వెళ్లే తెలుగువారు దారి అడిగినా, అనుమతి అడిగినా, ముందుగా తమిళంలో ఒక మాట మర్యాదగా పలకరించడం ఉచితం. ఏ వంకలో ఏ రాళ్లు ఎక్కువో పశువులు కాసేవారికి తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు. ఇంటి పిల్లలు రాసే చీటీల మీద ఊరి పేరు తమిళంలోనూ, తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ రాయిస్తే, మూడు లిపులూ ఒక్క రాయితో అలవడతాయి. సొంత లిపిని నేర్పడానికి సాకు వెతుకుతున్న తల్లిదండ్రులకు ఇది మంచి అవకాశం.

సెలవులకు స్వస్థలాలకు వెళ్లేవారు అక్కడా ఇదే చూపుతో చూడవచ్చు. రాజమహేంద్రవరం పక్కన కాతేరు దగ్గర నల్లరాతి లావా పొరల నడుమ గుల్లలున్న సున్నపురాయి పొర ఉన్నది. రాక్షసబల్లులు అంతరించిన కాలపు పరిసరాలకు అది సాక్షి. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లిలో దొరికిన జురాసిక్ యుగపు రాక్షసబల్లికి కోటసారస్ అని పేరుపెట్టి 1988లో లోకానికి తెలిపినది కూడా, కల్లమేడు ఎముకలను వర్ణించిన ఆ యాదగిరే. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టారు. కల్లమేడులో పోగొట్టుకొన్నదేమిటో, యామనపల్లిలో నిలుపుకొన్నదేమిటో ఆ అస్థిపంజరం ముందు నిలబడితే పిల్లలకు వివరించనవసరం లేకుండానే అర్థమవుతుంది.

వచ్చే జనవరిలో కారై వైపు వెళ్లాలనుకొనే కుటుంబాలు ఈ పుస్తకంలోని ఈ పుటలను వెంట తీసుకుపోవచ్చు. సంచిలో నీళ్లు, టోపీ, పెన్సిలు ఉండాలి. తిరిగివచ్చేటప్పుడు సంచి తేలికగానూ, నోటుపుస్తకం నిండుగానూ ఉంటే ఆ ప్రయాణం సఫలమైనట్లే. ఆ నోటుపుస్తకాన్ని పిల్లల పేరున భద్రపరచండి. మరి పదేళ్లకు ఆ వంక రూపు మారవచ్చు, ఆ దిబ్బ గనిలో కలిసిపోవచ్చు. అప్పుడు అక్కడ ఏముండేదో చెప్పగలిగినది ఆ పుటలే కావచ్చు.